బండి బాగోగులు: 22 మిల్లీమీటర్ల బారు, గిన్నెడు సాంబారు

ఈ నెల ఒకే ఇంటి నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రాసుకున్నట్టున్నారు. పేర్లు వేయొద్దని ఇద్దరూ అడిగారు, వేయడం లేదు. పత్రిక ఆ ఇంటికే వెళ్తుంది కాబట్టి గుట్టు ఎన్నాళ్లు దాగుతుందో నేను హామీ ఇవ్వలేను. ముందు ఆయన ఉత్తరం.

బాబాయి గారూ, మాది గుడివాడ పక్క పల్లె. ఉద్యోగం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2017 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజిన్‌కి వంక పెట్టలేను. హైవే దిగే రాంపు మీద కాస్త గట్టిగా తిప్పితే మాత్రం బండి ఒకవైపు వాలిపోతుంది, ముక్కు నేను తిప్పినంత తిరగకుండా బయటికి లాగుతుంది. స్వే బార్లు కాలిపర్‌తో కొలిచాను. ముందుది 24 మిల్లీమీటర్లు, వెనకది 20. వెనక 22 వేస్తే చాలా, 24 వేయాలా? ముందుది కూడా మార్చాలా? ఆటోక్రాస్‌కి వెళ్లాలని ఉంది. పనిముట్లున్నాయి, గరాజ్‌లో నేనే బిగించుకుంటాను. — ఒక పాఠకుడు, ఫ్రిస్కో

నాయనా, ఈ శీర్షికకు ఇన్నేళ్లుగా ఉత్తరాలొస్తున్నాయి. కాలిపర్ పెట్టి కొలిచి రాసినవాడివి నువ్వే మొదటివాడివి. అందుకని నీకు కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

మీ అమెరికాలో స్వే బార్ అంటారు, పుస్తకాల్లో యాంటీ రోల్ బార్ అని ఉంటుంది, మా విజయవాడ ఆటోనగర్‌లో స్టెబిలైజర్ అంటాం. ఏ పేరైనా వస్తువు ఒకటే. ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి అడ్డంగా వేసిన వంపు కడ్డీ. అది ఏం చేస్తుందో తెలియాలంటే చాకిరేవులో పంచె పిండడం గుర్తు తెచ్చుకో. ఇద్దరు చెరో కొస పట్టుకున్నారు. ఇద్దరూ ఒకేవైపు తిప్పితే పంచె ఊరికే తిరుగుతుంది, చుక్క నీరు రాదు. ఒకరు అటూ ఒకరు ఇటూ తిప్పితేనే మెలి పడి బిగుస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బారు తనను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లలో తిరిగి ఊరుకుంటుంది. మలుపులో ఒక చక్రం పైకి నొక్కుకుని రెండోది కిందికి జారినప్పుడే మెలి పడి ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు నీ లెక్క. 20కీ 22కీ రెండే మిల్లీమీటర్లు తేడా, దీనికేం వస్తుందిలే అనుకుంటారు చాలామంది. గుండ్రటి కడ్డీ మెలికి ఎదురు నిలిచే బలం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 22 వేస్తే బిగువు 46 శాతం పెరుగుతుంది. 24 వేస్తే రెట్టింపు దాటుతుంది. అమ్మేవాడు ‘నాలుగు మిల్లీమీటర్లే కదా సార్’ అన్నప్పుడు ఈ లెక్క గుర్తుంచుకో. ఇంకో సంగతి, బోలు కడ్డీ అయితే బయటి కొలత ఒక్కటే చూడకు. 24 మిల్లీమీటర్ల కడ్డీ లోపల 16 మిల్లీమీటర్ల బోలు ఉందనుకో, బరువు 44 శాతం తగ్గుతుంది, బిగువు మాత్రం 20 శాతమే పోతుంది. మధ్యలో ఉన్న ఇనుము మెలికి పెద్దగా పనికిరాదు, బరువు మోయడానికే ఉంటుంది. మా యూనియన్ ఆఫీసులోనూ అలాంటివాళ్లు ఉండేవారు.

అసలు మాట ఇప్పుడు. గట్టి బారు నీ బండికి కొత్త పట్టు పుట్టించదు. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి వెళ్తుంది. మొత్తం ఎంత వెళ్తుందనేది బండి బరువు, ఆ బరువు నేలకు ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య వెడల్పు ఎంత, నువ్వు ఎంత వేగంగా తిప్పావు అనే వాటి మీద ఉంటుంది. బారు మారిస్తే ఆ మొత్తం మారదు. అందులో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్నదే మారుతుంది. అన్నదమ్ముల పంపకం లాంటిది, ఆస్తి పెరగదు, వాటాలు మారతాయి. నీ బండిలో ముందు బయటి టైరు మీదే భారం పడి, అది చేతులెత్తేస్తోంది. వెనక బారు గట్టిపడితే వెనక జత కొంత వాటా తీసుకుంటుంది, ముందు టైరుకు ఊపిరాడుతుంది, ముక్కు తిరుగుతుంది. వెనక 22 వేయమనేది అందుకే.

24 ఎందుకు వద్దంటే, వెనకవాడికి మరీ ఎక్కువ మోపితే చేతులెత్తేసే వంతు వాడిదవుతుంది. పొడి రోడ్డు మీద సరదాగానే ఉంటుంది. చాలా రోజులు ఎండి, మొదటి వాన పడి, రోడ్డు మీది నూనె తేలినప్పుడు రాంపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశావో, తోక నీకంటే ముందు ఇంటికెళ్లాలని చూస్తుంది. ముక్కు జారితే బెదిరినవాడు చేసే పని, అంటే కాలు తీయడమే, బండిని సరిచేస్తుంది. తోక జారినప్పుడు అదే పని బండిని తిప్పేస్తుంది. కంపెనీలు బండిని కాస్త ముక్కు జారేలా ఉంచేది ఇందుకే. నీ చేత డబ్బు ఖర్చు పెట్టించడానికి కాదు.

ముందుది ఇప్పుడు మార్చకు. అయితే ఇక్కడొక తిరకాసు ఉంది, చెప్పకపోతే తెలిసినవాళ్లు నాకు ఉత్తరాలు రాస్తారు. నీ బండికి ముందు వైపు స్ట్రట్లు, అంటే స్ప్రింగూ షాకబ్జరూ ఒకే నిలువు కడ్డీగా ఉండి చక్రాన్ని పట్టుకునేవి. ఒళ్లు వాలేకొద్దీ బయటి చక్రం నిటారుగా నిలవదు, టైరు భుజం మీదికి ఎక్కుతుంది. అలాంటి బండికి ముందు బారు గట్టిచేస్తే పంపకం లెక్క ప్రకారం ముక్కు ఇంకా జారాలి. ఒక్కోసారి వాలడం తగ్గి టైరు నేలకు బల్లపరుపుగా ఆని, పట్టు పెరుగుతుంది కూడా. నీకు ఏది వర్తిస్తుందో సుద్దముక్క చెబుతుంది. ముందు టైర్ల భుజం మీద, రోడ్డుకు తగిలే అంచు నుంచి పక్కగోడ దాకా అడ్డంగా తెల్ల గీతలు నాలుగు చోట్ల గీయి. ఆ రాంపు ఒకసారి తిరిగి రా. గీత పక్కగోడ మీద కూడా చెరిగిపోతే టైరు పడుకుంటోందని అర్థం. అప్పుడు మొదట టైర్లలో గాలి చూడు, తర్వాత అలైన్‌మెంట్‌లో క్యాంబర్, అంటే చక్రం నిలువుకి ఎంత ఒరిగి ఉందో చూడు. బారు సంగతి ఆ తర్వాతే. సెకండ్ హ్యాండ్ బండి అన్నావు, టైర్ల వయసు రాయలేదు. పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ఎండిపోయిన టైరు మీద కొత్త బారు వేయడమంటే ముసలి ఎద్దుకి కొత్త మువ్వలు కట్టడమే.

బిగించడం. మొదటి సంగతి, వెనక చక్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకవైపే జాకీ ఎత్తి విప్పితే బారు మెలిలో ఉంటుంది, బారు కొసను చక్రం వైపు కలిపే లింకు ఊడగానే విదిలించి మోచేతికి తగులుతుంది. నా కుడి మోచేతి మీద ఆ గుర్తు ఇంకా ఉంది. చక్రాలెక్కించే రాంపులుంటే అన్నిటికన్నా మేలు. బంతి తరహా లింకైతే నట్టు తిప్పుతుంటే లోపలి కడ్డీ కూడా తిరుగుతుంది. దాని కొసలో అలెన్ కీ పట్టేందుకు గుంట ఉంటుంది, అది పట్టుకుని స్పానర్‌తో తిప్పు. గాలి తుపాకీ పెట్టావంటే బంతి గిర్రున తిరిగి లోపలి ప్లాస్టిక్ కరిగిపోతుంది. రబ్బరుకు బదులు గట్టి పాలీయురెథేన్ బుష్‌లొస్తే వాటితో ఇచ్చిన గ్రీజు లోపలంతా పూయి. కక్కుర్తిపడితే నెల తిరక్కుండా తలుపు కీచుమన్నట్టు అరుస్తుంది. బ్రాకెట్లు బిగించాక, లింకులు తగిలించక ముందు బారును చేత్తో పైకీ కిందికీ ఆడించు. తన బరువుకి మెల్లగా కిందికి వాలాలి. పట్టేస్తే బ్రాకెట్ వంకరగా కూర్చుందన్నమాట.

కొత్త బారు చేతికి రెండు మూడు రంధ్రాలుంటాయి. కొసకు దగ్గరిది మెత్తన, లోపలికి జరిగేకొద్దీ చెయ్యి పొట్టిదై గట్టిపడుతుంది. మెత్తని రంధ్రంలో మొదలుపెట్టు, రెండువైపులా ఒకటే రంధ్రం. నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించి, వంద మైళ్లు తిరిగాక మళ్లీ సరిచూడు. సుబారు వాళ్ల పాత ఇంప్రెజా బండ్లలో గట్టి బారు వేసి వెనక బారు పట్టుకునే బ్రాకెట్లు వంగిన సందర్భాలున్నాయి. నీది కొత్త తరం బండే అయినా ఆ చోటును టార్చ్ వేసి చూస్తుండు.

ఆటోక్రాస్‌కి వెళ్లు, మంచి పని. ఖాళీ పార్కింగ్ స్థలంలో శంకువుల మధ్య తప్పు చేస్తే శంకువు పడుతుంది, అంతే. మీ దగ్గర ఈ పోటీలు నడిపే ఎస్‌సీసీఏ సంఘం వాళ్లు, పెద్దగా మార్పుల్లేని బండ్లుండే స్ట్రీట్ తరగతికి ముందు బారో వెనక బారో ఒక్కటే మార్చుకోనిస్తారు. రెండూ మార్చుకుంటే నీకంటే బాగా తయారైన బండ్లతో తలపడాల్సి వస్తుంది. ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూసుకుని బిగించు.

ఇక్కడి కుర్రాళ్ల కోసం ఒక మాట. బయటి దేశం బారు ఖరీదని లోకల్‌గా చేయించుకోవద్దు. 2001లో ఆ పాపం నేనే చేశాను. ఒక కాలేజీ కుర్రాడు తన పాత సెడాన్‌కి మందపాటి బారు కావాలంటే స్ప్రింగ్ స్టీలు కడ్డీ తెచ్చి, కొలిమిలో ఎర్రగా కాల్చి, పాత బారు పక్కన పెట్టుకుని అచ్చు అలాగే వంచాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు వారాలకు బండి నిలబడిన చోటే ఎడమవైపు అర అంగుళం కుంగి ఉంది. స్ప్రింగ్ విరిగిందనుకుని మూడు గంటలు వెతికాం. చివరికి బారు విప్పి సిమెంటు గచ్చు మీద పెడితే, ఒక చెయ్యి నేలకు ఆనింది, రెండోది గాల్లో లేచి కూర్చుంది. కాల్చినప్పుడే స్టీలు పదును పోయింది. మళ్లీ పదును పెట్టించాలన్న ఆలోచన మాకు రాలేదు. మెలి పడినదల్లా అలాగే ఉండిపోయింది. డబ్బు వెనక్కిచ్చాను. ఆ కడ్డీ మా షెడ్డు తలుపుకి గడియగా చాలా ఏళ్లు పనిచేసింది.

ఇక ఆవిడ ఉత్తరం.

నమస్తే అండీ. మా ఆయన మీకు ఉత్తరం రాశాడని నాకు తెలుసు, ప్రింటర్‌లో ఒక కాపీ మిగిలింది. ఆ కారులో సత్యనారాయణ వ్రతానికి సాంబారు తీసుకెళ్తే సగం సీటు మీదే పోయింది. ఆ బారు మారిస్తే కారు వాలదు, సాంబారు ఒలకదు అంటున్నాడు. నిజమేనా? వెనక సీట్లో మా పాపకి నాలుగేళ్లు. — అదే ఇల్లు

తల్లీ, నిజం కాదు. లెక్క చెప్తాను, ఆయనకి చూపించు.

మలుపులో సాంబారును పక్కకి తోసే బలం భూమి లాగే బలంలో సగం ఉందనుకుందాం, హుషారుగా తిప్పితే అంతే ఉంటుంది. అప్పుడు గిన్నెలో సాంబారు మట్టం దాదాపు 27 డిగ్రీలు ఒరుగుతుంది. ఆ మలుపులోనే కారు వాలేది రెండు మూడు డిగ్రీలు. కొత్త బారు వేస్తే అందులో అర డిగ్రీ కూడా తగ్గదు. 27 డిగ్రీలు మీ ఆయన కాలివి. గిన్నె అడుగు వెడల్పుంటే ఒక అంచున సాంబారు మూడంగుళాలు పైకి లేస్తుంది. ఏ బారూ దాన్ని ఆపలేదు.

ఆపగలిగేది వేగం. 40 మైళ్లలో తిప్పిన మలుపును 30లో తిప్పితే ఆ 27 డిగ్రీలు 16కి దిగుతాయి. వెడల్పు గిన్నె బదులు సన్నగా పొడుగ్గా ఉండే క్యారేజీ వాడు, ముప్పాతిక వరకే పొయ్యి, సీటు మీద కాకుండా ముందు సీటు వెనక కింద పెట్టు.

పాప సంగతి. గట్టి బారు వేశాక సాఫీ రోడ్డు మీద తేడా తెలియదు. ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు ఆ కుదుపు బారు గుండా రెండో చక్రానికీ వెళ్లి తల అటూ ఇటూ విసిరినట్టవుతుంది. అది పెద్దవాళ్లకంటే వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి ఎక్కువ చికాకు. 22 బారుతో, మెత్తని రంధ్రంలో, ఆ తేడా భరించగలిగినంతే. 24 వేస్తానంటే నువ్వు ఒప్పుకోవద్దు, నా పేరు చెప్పు.

సార్, నాది ఫోక్స్‌వ్యాగన్ వర్చుస్ జీటీ, 1.5 లీటర్ ఇంజిన్. తిరుమల, శ్రీశైలం ఘాట్లలో మలుపుల్లో ఇంకా గట్టిగా ఉండాలని వెనక బారు మార్పిద్దామనుకున్నాను. కిందికి చూస్తే వెనక బారే కనపడలేదు. తెలిసిన గ్యారేజ్‌లో వెనక బీమ్‌కి ఇంకో రాడ్డు వెల్డింగ్ చేస్తామంటున్నారు. చేయించమంటారా? — వరంగల్

వద్దండీ. మీకు బారు కనపడకపోవడానికి కారణం, మీ బండి వెనక ఉన్నది టార్షన్ బీమ్. రెండు చక్రాలనూ కలిపే ఆ అడ్డ దూలమే మెలి పడుతూ బారు పని కూడా చేస్తుంది. అది ఒకవైపు తెరిచినట్టు ఉండేది అందంగా ఉంటుందని కాదు, కావలసినంత మెలి పడాలని. దానికి వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే, వేడి తగిలిన చోట, కంటికి కనపడని పగులు మొదలవుతుంది. బీమ్ విరిగే రోజు అది ఇంటి ముందు విరగదు.

బయట బోల్టులతో తగిలించే బార్లు ఇలాంటి బీమ్‌లకు దొరుకుతాయి, వెల్డింగ్ కంటే అవి నయం. అయినా మీరు చెప్పిన రోడ్లకు అవసరం లేదు. తిరుమలలో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలని నియమం. ముందే చేరితే జరిమానా. అంత నెమ్మదిగా నడిచే రోడ్డుకి గట్టి బారు దేనికి? నల్లమలలో మలుపు తిరగ్గానే కోతులుంటాయి, వాటికి మీ బారు మందం తెలియదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌నే నొక్కి చెప్పింది. బారు మందం ఆర్సీలో రాయరు కదా అంటారు. నిజమే, రాయరు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ కిందికి వంగి చూసేది ఆర్సీని కాదు, మీ వెల్డింగ్‌ని.

కంపెనీ వాళ్లు ఈ బిగువుల్ని ఇఎస్‌పితోనూ (బండి జారబోతే తనంతట తానే చక్రాలకు బ్రేకు వేసి సరిచేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) టైర్లతోనూ కలిపి ఒక లెక్కగా కూర్చుతారు. 1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్ ఒక స్వీడన్ పత్రిక పెట్టిన పరీక్షలో బోల్తా పడింది. అప్పుడు ఆ కంపెనీ ఒక్క బారుతో సరిపెట్టలేదు, సస్పెన్షన్ సవరించి, ఇఎస్‌పిని అన్నిటికీ పెట్టి, అమ్మిన బండ్లు కూడా వెనక్కి పిలిపించి మార్చింది. మీ ఖర్చు మంచి టైర్ల మీద పెట్టండి. నిజంగా గట్టిగా తిప్పాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో ట్రాక్‌లున్నాయి.

అయ్యా, నేను రిటైరైన టీచర్ని. నా మారుతి 800కి గతుకుల్లో ముందు నుంచి ‘టక్ టక్’ అని వస్తోంది, బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోంది. షాకబ్జర్లు మార్చాలన్నారు. నిజమేనా? — ఒంగోలు

మాస్టారూ, షాకబ్జర్ల దాకా వెళ్లకండి. నేను 1984లో ఆటోనగర్‌లో చేరినప్పుడు మొదట నేర్చుకున్న పని ఇదే. 800లో స్టెబిలైజర్ బారు రెండు ఉద్యోగాలు చేస్తుంది. వాలకుండా పట్టుకోవడం ఒకటి, ముందు చక్రం వెనక్కీ ముందుకీ జరక్కుండా ఆపడం రెండోది. దాని కొసలో ఉన్న రబ్బరు బుష్ అరిగితే, బ్రేకు పడగానే ఆ చక్రం కొంచెం వెనక్కి జరుగుతుంది. మీకు వినపడే టక్ అదే, లాగడమూ అదే.

బండి నేల మీదే నిలబెట్టి, ఒకర్ని సీట్లో కూర్చోబెట్టి నెమ్మదిగా ముందుకి పోనిచ్చి బ్రేకు వేయించండి. మీరు పక్కన నిలబడి ఎడమ చక్రానికీ మడ్‌గార్డ్ అంచుకీ మధ్య సందు చూడండి. బ్రేకు పడ్డప్పుడు సందు మారితే బుష్ పోయినట్టే. రెండువైపులా కలిపి మార్పించండి, బ్రాకెట్ల దగ్గరి బుష్‌లు కూడా. బ్రేకు కాలిపర్ పట్టేసినా ఎడమకి లాగుతుంది, కాబట్టి చక్రం ఎలాగూ విప్పుతారు కనుక దాన్నీ చూడమనండి. కొసన ఉన్న గళ్ల నట్టుకి పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వంచి పెట్టనివ్వకండి, కొత్తది వేయించండి.